జేబులకి పడిన కుట్లు

నాకొక సవతి ఉంది. మా టీవీలో ఉంటుంది. రోజూ సాయంత్రం దీపాలు పెట్టే వేళకి వచ్చి మా ఆయన్ని ఏడిపించి వెళుతుంది.

ఆవిడకి మందుల షాపు ఉంది. తాగొచ్చి కొట్టే మొగుడికి మాత్ర మార్చి ఇచ్చి పైకి పంపింది. ఆ సంగతి పసిగట్టిన ముఠా ఒకటి బెదిరిస్తే, వాళ్ళ నకిలీ మందులు అమ్మిపెట్టింది. అవి వాడి ఎవరి బిడ్డో చచ్చిపోయాడు. ఇన్ని చేసినా మా ఆయన లెక్కలో ఆవిడ మంచిదే. పరిస్థితులే చెడ్డవి.

మా ఆయన బస్సు డ్రైవరు. డ్రైవరుతో మాట్లాడరాదు అని బస్సులో రాసి ఉంటుంది కదా, ఆయన దాన్ని ఇంట్లో కూడా అమలు చేస్తారు. నేనేమో బట్టలు కుడతాను. హాల్లో కిటికీ పక్కన నా మిషను, అటువైపు గోడకి టీవీ, మధ్యలో ఆయన కుర్చీ. అంటే సాయంత్రమంతా నాకు కనిపించేది ఆయన వీపూ, నడినెత్తిన పలచబడిన జుట్టూ. నేనెలా కనిపిస్తానో ఆయనకి గుర్తుందో లేదో నాకు తెలియదు.

ఆ రోజు సీరియల్లో ఆవిడ షాపు మూసి, లోపలి గదిలో ఒక్కతే కూర్చుని, చల్లారిపోయిన టీ తాగింది. మా ఆయన కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు. వాళ్ళమ్మగారు పోయినరోజు కూడా కంట తడి పెట్టని మనిషి.

"చూశావా, ఎప్పుడో పెట్టుకున్న టీ ఇప్పుడు తాగుతోంది. తిన్నావా అని అడిగే దిక్కు లేదు పాపం," అన్నారు.

నా మిషను మీద గ్లాసు వంక చూసుకున్నాను. టీ మీద మీగడ కట్టింది. దానిమీద ఎర్ర దారప్పోగు ఒకటి తేలుతోంది.

"కాస్త ఆ మిషను ఆపు. మాటలు వినపడట్లేదు."

ఒళ్ళు మండిపోయింది నాకు. "మొగుణ్ణి చంపిందండీ ఆవిడ!"

"ఊరికే చంపుతారా ఎవరైనా? ఏదో కారణం ఉండే ఉంటుంది."

"మొన్న మీ చొక్కా ఇస్త్రీ చెయ్యడం మర్చిపోయాను. కారణం అడిగారా?"

ఆయన కుర్చీ ముందుకి జరుపుకున్నారు. ఆవిడ మళ్ళీ తెరమీదకి వచ్చింది మరి.

మర్నాడు పొద్దున ఆయన్ని పిలుచుకెళ్ళడానికి కండక్టరు వచ్చాడు. గుమ్మంలోనే ఇద్దరూ ఆవిడ కష్టాలు మొదలుపెట్టారు. పెళ్ళీడుకొచ్చిన ఆడపిల్ల గురించి కూడా ఎవరూ అంత బెంగపడరు.

"సీరియల్ రేపటితో అయిపోతుందట. పోలీసులకి లొంగిపోతుందంటావా అన్నా?"

"తప్పించుకోవాలిరా. అంత కష్టపడిన మనిషి."

కష్టపడిన మనిషి! ఆ మాట ఈ ఇంట్లో, నా కాళ్ళు మిషను తొక్కీ తొక్కీ వాచిన ఇంట్లో, ఆవిడకి దక్కింది. అసూయ అంటే పడుచుపిల్లలకి ఉండేదనుకునేదాన్ని. నాకు మెడ దాకా ఉంది.

ఆ సాయంత్రం ఆయన సీరియల్లో మునిగి ఉండగా, వెనక నేను ఆయన యూనిఫాం చొక్కా తీసుకున్నాను. రెండు జేబుల మూతులూ కుట్టేశాను. గుడ్డ రంగు దారంతో, చేత్తో, కుట్టు పైకి తెలియకుండా. కళ్ళజోడు, పెన్ను, గుర్తింపు కార్డు అన్నీ ఆయన ఆ జేబుల్లోనే పెట్టుకుంటారు. నేరం చేస్తే ఇంత హాయిగా ఉంటుందని ఆ సీరియల్లో ఎవరూ చెప్పలేదు.

మర్నాడంతా రాబోయే గొడవకి జవాబులు తయారుచేసుకుంటూ కూర్చున్నాను. ఒక లంగా అటుదిటు కుట్టి మళ్ళీ విప్పాను.

సాయంత్రం ఆయన్ని దింపి వెళుతూ కండక్టరు గుమ్మంలోంచే నవ్వాడు. "వదినా, అన్న ఇవాళంతా పెన్ను చెవిమీద పెట్టుకునే బండి నడిపాడు. బ్లేడిస్తాను విప్పెయ్యమంటే ముట్టుకోనివ్వలేదు."

ఆయన చెప్పులు విడిచి లోపలికి వచ్చారు. కాళ్ళు కడుక్కుని కుర్చీలో కూర్చున్నారు. చివరి భాగం పాట మొదలైంది. నేను పనేం లేకపోయినా పాత గుడ్డముక్క ఒకటి పెట్టి మిషను దడదడలాడించాను. ఆపమననీ, చెబుతాను.

ఆయన రిమోట్ తీసుకున్నారు. సౌండు పెంచుతారనుకున్నాను. టీవీ కట్టేశారు.

కుర్చీ ఇటు తిప్పుకుని నాకు ఎదురుగా కూర్చున్నారు. కుట్టిన జేబుమీద వేలుతో రాసి చూసుకున్నారు.

"నువ్వు కుట్టావంటే ఏదో కారణం ఉండే ఉంటుంది. ఎందుకు కుట్టావు?"

రోజంతా తయారుచేసుకున్న జవాబులన్నీ ఎటు పోయాయో. "నా టీ రోజూ చల్లారిపోతుందండీ," అన్నాను. అని భోరుమన్నాను.

ఆ తర్వాత ఇంకేం దాచలేదు. ఇస్త్రీ మాట, మిషను ఆపమన్న మాట, ఆయన వీపు మాట, అన్నీ కక్కేశాను. సవతి మాట చెప్పినప్పుడు ఆయన నవ్వబోయి, నా ముఖం చూసి మానుకున్నారు. మధ్యలో లేచి వెళ్ళి టీ వేడిచేశారు. సగం పొయ్యిమీద పొంగబోశారు. మిగిలిన సగం తెచ్చి నా చేతికిచ్చి, తాగేదాకా ఎదురుగానే కూర్చున్నారు. నేను జేబుల కుట్లు విప్పాను. చివరి భాగం ఎప్పుడు అయిపోయిందో ఇద్దరికీ తెలియదు.

మర్నాడు ఆయన డ్యూటీకి వెళ్ళాక, మధ్యాహ్నం అదే భాగం మళ్ళీ వేశారు. ఉండబట్టలేక మిషను ఆపి మరీ చూశాను. ఆవిడ తప్పించుకోలేదు. ఒక చిన్న గదిలో, బల్లకి అటువైపు ఇన్‌స్పెక్టరు కూర్చుని, ఏ మాత్ర ఇచ్చావు, ఎవరికి అమ్మావు, ఎవరెవరికి తెలుసు అని గుచ్చిగుచ్చి అడిగాడు. అన్నిటికీ జవాబు చెప్పింది. సంతకం పెట్టించుకుని లేచి వెళ్ళిపోయాడు. ఇంకో ప్రశ్న ఉందేమోనని ఆవిడ కాసేపు తలుపు వైపే చూసింది.

ఎందుకు చేశావని ఒక్కరూ అడగలేదు. సవతని కూడా చూడకుండా ఏడ్చేశాను.