ఇంజనుకు తొలిచుక్క

నానక్‌రామ్‌గూడలో పొద్దు వాలితే తల్లులు గొంతు చించుకునే పని లేదు. బుచ్చమ్మ ఇంటి గడప దగ్గరికి వెళ్ళి "అత్తా, మావోణ్ణి జర పిలువవా" అంటే చాలు. బుచ్చమ్మ చేటలో బియ్యం చెరుగుతూనే, పక్కనున్న మనిషితో మాట్లాడినంత మెల్లగా "సాయిలూ, ఇంటికి రా బిడ్డా" అనేది. కోకాపేట గుట్టల్లో మేకలు కాస్తున్న సాయిలు చెవిన ఆ మాట పడేది. వాడు మేకల్ని మళ్ళేసుకుని వచ్చేసేవాడు. ఊళ్ళో కాన్పులన్నీ ఆమె చేతుల మీదే జరిగాయి. పుట్టిన బిడ్డ నాలుక మీద తను వండిన ఆముదం తొలిచుక్క వేసి, చెవిలో పేరు చెప్పేది. ఆ చుక్క మింగినవాళ్ళు ఎక్కడున్నా, ఆమె పేరు పెట్టి పిలిస్తే వినిపిస్తుంది. ఇందులో వింతేముంది? వానొస్తే తడుస్తాం, బుచ్చమ్మ పిలిస్తే వస్తాం అనుకునేవారు ఊరివాళ్ళు.

వినిపించనిది ఒక్కడికే, ఆమె కన్నకొడుకు ఎల్లేశానికి. వాణ్ణి కన్ననాడు బుచ్చమ్మకు ఒంటి మీద తెలివి లేదు. లింగంపల్లి నుంచి వచ్చిన మంత్రసాని ఎవరో ఇన్ని చక్కెరనీళ్ళు నోట్లో పోసి పోయింది. చిన్నప్పుడు తోటి పిల్లలంతా తన తల్లి పిలుపుకే ఇంటికి ఉరుకుతుంటే, తను మాత్రం ఏమీ వినపడక చేనుగట్టు మీద ఒక్కడే మిగిలిపోయేవాడు. పెళ్ళయి మీసాలు ముదిరినా ఆ ఉక్రోషం పోలేదు. ఆముదం ముంత కనిపిస్తే మొహం తిప్పుకునేవాడు, తలకు కూడా రాయనిచ్చేవాడు కాదు.

పోలీస్ యాక్షన్ అయిన మరుసటేడు అతనికి ఒక్కటే ధ్యాస. లింగమూర్తి దొర పాత మోటారు కారు యుద్ధం రోజుల నుంచి పశువుల కొట్టంలో పడి ఉంది, అందులో కోళ్ళు పొదుగుతున్నాయి. ఎల్లేశం పట్నంలో లారీల షెడ్డులో పని నేర్చినవాడు. తనే వెళ్ళి దొరను అడిగాడు.

"నేను నడిపిస్త దొరా. కూలి ఒద్దు. నా పెండ్లాం నొప్పులు పడేనాడు పట్నం దవాఖానకు బండి ఇయ్యుండ్రి, చాలు."

దొరకు సంగతి తెలుసు. కనకలక్ష్మి తొలి కాన్పు కష్టమైతే ఎడ్లబండిలో వేసుకుని బయల్దేరారు. బండి గోలకొండ కోట దాటకముందే బిడ్డ పోయింది. ఇప్పుడు ఆమెకు మళ్ళీ నెలలు నిండుతున్నాయి.

"నడిస్తె తీస్కపో. నా మాట మాటే" అన్నాడు దొర.

ఎల్లేశం ఇంజను మొత్తం విప్పి, సిలిండర్లు సాపు చేయించి, కొత్త రింగులూ బేరింగులూ వేశాడు. ఇక తొలి నూనె పోయాలి. అసలు తంటా అక్కడే. కొత్త రింగులకూ సిలిండరు గోడలకూ అత్తాకోడళ్ళ పొత్తు. మొదట్లో కొంచెం రాసుకుంటేనే సర్దుకుంటాయి. నూనె మరీ జారుడైతే ఆ రాపిడే ఉండదు, చాలకపోతే కాలి పట్టేస్తాయి. అందుకని పట్నం నుంచి పలుచని సీమ నూనె టిన్ను తెప్పించి దేవుడి గూట్లో దాచినట్టు దాచుకున్నాడు.

తీరా పోసే రోజున మూత తీసి, రెండు వేళ్ళ మధ్య రాసి చూసి నిర్ఘాంతపోయాడు. వేళ్ళకు గరుకుగా తగిలింది. ఏ లారీలోంచో తీసిన పాత నూనెను వడగట్టి, టిన్నులో నింపి అంటగట్టారు.

"రేపు కచేరిల నా కేసు పేషీ ఉంది. పొద్దుగాల బండి నడిచిందా సరే, లేకుంటె పాత ఇనుము కింద అమ్మేస్త. ఎన్ని దినాలు చూడాలె?" అన్నాడు సంగతి విన్న దొర.

ఎల్లేశం ఇంటికొచ్చి కూలబడ్డాడు. కనకలక్ష్మి నడుం పట్టుకుని మెల్లగా వచ్చి ఎదురుగా కూర్చుంది.

"లడాయిల లారీలు ఆముదం మీద నడిచినయని నువ్వే చెప్తివి గద?"

"నడిచినయ్. పొగ కక్కుతది, రింగులు జల్ది సర్దుకోవు."

"బేరింగులు కాలుతయా?"

"కాలయ్."

"మరింకేంది? నీ పంతం నాకూ నా బిడ్డకూ అడ్డమొస్తదా?"

ఎల్లేశం లేచి కొట్టానికి నడిచాడు. ఇంజనులో అంటుకుని ఉన్న పాత నూనెతో ఆముదం కలిస్తే గడ్డకడుతుంది గనుక లోపలంతా కిరసనాయిలుతో కడిగాడు. బుచ్చమ్మ ఆముదాన్ని మళ్ళీ పొయ్యి మీద పెట్టి, తేమ చచ్చి చిటపటలు ఆగేదాకా కాచింది. కనకలక్ష్మి పాతచీరతో రెండుసార్లు వడగట్టింది. పోసేది మాత్రం నేనే అని పట్టుబట్టింది బుచ్చమ్మ. తొలిచుక్క వేసి, ఇంజను మీదికి వంగి, నూనె పోసే మూతి దగ్గర ఏదో గొణిగింది.

"ఇనుముకు చెవులున్నయా అవ్వా?" అన్నాడు ఎల్లేశం విసుగ్గా.

"అలవాటు కొడుకా" అంది.

తెల్లారి హ్యాండిల్ తిప్పగానే బండి అందుకుంది. తెల్లటి పొగకు ఊరంతా దగ్గింది. కాన్పుకు ఇంకా పది దినాలుందని తల్లి చెప్పింది గనుక ఎల్లేశం ధైర్యంగానే దొరను ఎక్కించుకున్నాడు. కొత్త ఇంజనును తొందరపెట్టకూడదని నెమ్మదిగా నడిపాడు.

కోట దగ్గరికి వచ్చేసరికి స్టీరింగు అతని చేతుల్లోంచి జారి గిర్రున తిరిగింది. బండి వెనక్కి మళ్ళింది. బ్రేకు తొక్కితే ఆగలేదు.

"ఏందిరా! పట్నం అటు గదరా!" దొర సీటు అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"నేను తిప్పుతలేను దొరా, నీ బాంచెన్, ఇగో చూడుండ్రి!" ఎల్లేశం రెండు చేతులూ పైకెత్తి చూపించాడు. మెల్లగా నడపాల్సిన ఇంజను అరిచి మరీ ఉరుకుతోంది. అప్పుడు తట్టింది. "అవ్వ... మా అవ్వ పిలిచినట్టుంది."

"బుచ్చమ్మ పిలిచిందా? ఆ ముక్క ముందుగాల చెప్పద్దా!" అని దొర తలపాగా సర్దుకుని వెనక్కి ఒరిగాడు.

ఎల్లేశం మాత్రం ఒరగలేకపోయాడు. ఊరికే పిలిచే మనిషి కాదు తల్లి. పది దినాలంది గదా, పది దినాలంది గదా అని దారంతా గొణుక్కుంటూనే ఉన్నాడు.

బండి తిన్నగా వచ్చి ఇంటి ముందు ఆగింది. గడప మీద బుచ్చమ్మ నెత్తుటి చేతులతో నిలబడి ఉంది.

"కాళ్ళు ముందొచ్చినయ్ బిడ్డా. నా చేతిల లేదు. ఎక్కియ్యి!"

దొర వెంటనే దిగి వెనక సీటు ఖాళీ చేశాడు. కనకలక్ష్మిని పడుకోబెట్టి, ఆమె తల ఒళ్ళో పెట్టుకుని బుచ్చమ్మ కూర్చుంది. దొర ముందు ఎక్కి తలుపు వేసుకున్నాడు.

"పేషీ దొరా..."

"మాట ఇచ్చిన గదరా, నడువు!"

ఈసారి స్టీరింగు ఎల్లేశం చేతిలోనే ఉంది. కోట దాటేటప్పుడు కళ్ళు మసకబారాయి గానీ యాక్సిలరేటరు మీంచి కాలు తీయలేదు. ఇంజను పొగ కక్కింది, మూలిగింది, పట్టెయ్యలేదు. దవాఖానలో కనకలక్ష్మిని లోపలికి తీసుకుపోయారు. తల్లీకొడుకులు వరండాలో మిగిలారు.

"అవ్వా, మోటారును ఏమని పిలిచినవ్?"

"మోటారునా? దాన్నెందుకు పిలుస్త? నిన్నే పిలిచిన. రోజూ పిలుస్తనే ఉన్న గద."

"రోజూనా?"

"ఊరి పిల్లలందరినీ పిలిచినంక ఒకపారి ఎల్లేశం అంట. నీకు వినొస్తదేమోనని. నీకు చుక్క వెయ్యని పాపం నాది బిడ్డా. అందుకే నిన్న ఇంజనుకు చుక్కేసి నీ పేరే చెప్పిన. నువ్వెట్లాగూ దాని మీదనే ఉంటవ్, అదన్న వింటదని."

ఎల్లేశం ఇన్నేళ్ళూ తనను పిలిచేవాళ్ళే లేరనుకున్నాడు. తల్లిని లోపలికి రమ్మన్నారు, ఆమె వెళ్ళిపోయింది. అతను బయటికొచ్చి బండి దగ్గర నిలబడి, ఇంకా వేడి తగ్గని బానెట్టు మీద చెయ్యి వేశాడు. పక్కనే దొర చుట్ట వెలిగించడం మరిచిపోయి అలాగే పట్టుకుని ఉన్నాడు.

ఉన్నట్టుండి, ఆపేసిన ఇంజను అతని అరచేతి కింద ఒక్కసారి వణికింది.

"ఆ, వస్తున్ననే అవ్వా!" అని ఎల్లేశం మెట్ల వైపు ఉరికాడు. తలుపు దగ్గర బుచ్చమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "ఇద్దరూ బాగున్నరు, ఆడపిల్ల" అంది. కొంగులో కట్టుకున్న ఆముదం సీసా విప్పి అతని చేతిలో పెట్టింది.

"తొలిచుక్క నువ్వెయ్యి కొడుకా. నీ పిలుపు దానికి వినపడాలె."