పొగ పోయిన దారి

గ్లెండా పంది పొట్టమాంసాన్ని చెక్కమీద తోలు కిందకొచ్చేలా పరిచి, ఉప్పూ వెల్లుల్లీ రుద్దింది. చితక్కొట్టిన నిమ్మగడ్డి, ఉల్లికాడలు మధ్యలో కూరి చాపలా చుట్టింది. పురికొస బిగించబోతుంటే అత్త ఇసాంగ్ చెయ్యి పట్టుకుంది.

"ఎవరి పేరున కడతన్నావే?"

"ఇంకెవరు? మీ అబ్బాయి పేరునే."

"వద్దే. తెలీకపోతేనే బతగ్గలను."

గ్లెండా మొగుడు రోల్డన్ చేపల వేటకి పోయిన రోజే తుఫాను పట్టుకుంది. మిగతా పడవలన్నీ వచ్చేశాయి, అతనిది తప్ప. ఆ దీవిలో ఎవరి పేరున మాంసం కాలిస్తే పొగ వాళ్ళ దగ్గరికే పోతుంది, గాలి ఎటున్నా సరే. మనిషి పోయుంటే చర్చి వెనక సమాధుల మీద కూర్చుంటుంది.

"రోల్డన్," అని గ్లెండా ముడేసింది.

వెదురుబొంగుకి గుచ్చి కొబ్బరిచిప్పల నిప్పుల మీద పెట్టారు. మరిది జున్రే తిప్పుతున్నాడు.

"మొన్న నా పేరున కాలిస్తే పొగ తిన్నగా సారా కొట్టుకే వచ్చింది, గుర్తుందా వదినా?"

గ్లెండా నిప్పులు ఎగదోసింది.

కొవ్వు చుక్క నిప్పులో పడింది. పొగ లేచి, కాసేపు ఊగి, చర్చి వైపు తిరిగింది. ఇసాంగ్ మెట్టుమీద కూలబడి మొహం కప్పేసుకుంది. పొగ గంటగోపురం చుట్టూ తిరిగి తిరిగి, ఒక్కసారిగా కిందికి దిగి, ఇళ్ళ కప్పులు రాసుకుంటూ సముద్రం మీదకి పోయింది. గాలికి ఎదురు.

"బతికున్నాడు!" జున్రే మరపడవ వైపు పరిగెత్తాడు. "పొగ తెగనీకు వదినా! తెగితే నాకు దారి దొరకదు!"

గ్లెండా బొంగు అందుకుని తిప్పుతూనే ఉంది. తోలు ఎర్రబడి బుడగలొచ్చి పెటపెటలాడింది. దించెయ్యాల్సిన వేళ. దించలేదు.

"అత్తా, మాడిపోతంది!"

"మాడి చావనీ! తిప్పు!"

ఇసాంగే కత్తి తెచ్చి కొవ్వు కారేలా పొడిచింది. తోలు నల్లబడింది. చివరికి పురికొస తెంపి, లోపలి నిమ్మగడ్డంతా పీకి నిప్పుల్లో పడేసింది. పొగ దారమంత సన్నగా మిగిలింది.

"తెగిందా?" ముసల్ది తల తిప్పలేకపోయింది.

గ్లెండా కళ్ళు చికిలించి చూసింది. ఇందాకటిదాకా కనపడని పొగ కొస, దూరంగా నీళ్ళమీద తేలింది. ఎవరో చేదతాడు లాగుతున్నట్టు పొట్టిదవుతూ ఒడ్డుకొస్తోంది. దాని కింద మరపడవ చప్పుడు.

"వస్తన్నాడత్తా!"

ఇసాంగ్ బొగ్గయిన మాంసం వంక చూసింది. గ్లెండా భుజం మీద ఒక్కటేసింది.

"నిలబడతావేంటే? అన్నం పొయ్యిమీద పడెయ్. ఆకలితో వస్తాడు."