ఈ ఒక్కరోజేనా?

రాసిన వాక్యాన్ని పెదవులు కదిపి చదువుకుంటే గానీ ఆమెకు తృప్తి ఉండదు. ఉదయం నుంచి ఒకే వాక్యాన్ని అలా తొమ్మిదిసార్లు చదివింది. "రోగి రాలేనని చెప్పినప్పుడు ఈ టూల్ వాడండి." ఆరే మాటలు. రెండేళ్ళ కిందట తనే రాసింది.

ఆఫీసులో అందరూ ఆమెను కామా అక్క అంటారు. ఎవరు ఏ కాగితం చూపించినా ముందు కామాలు సరిచేసి, ఆ తర్వాతే సంగతేమిటని అడుగుతుంది. యాభై ఎనిమిదేళ్ళు. ముక్కు మీదికి జారే కళ్ళజోడు, నొప్పి పుట్టే మణికట్టుకు చుట్టిన పట్టీ, చెవి వెనక దోపిన పెన్సిలు. ముప్పై నాలుగేళ్ళుగా ఆమె పని ఒక్కటే, యంత్రాలను ఎలా వాడాలో రాయడం. మిక్సీలతో మొదలుపెట్టి, నీళ్ళ మోటార్లు, లిఫ్టులు దాటి సాఫ్ట్‌వేర్‌కు వచ్చింది. ఆ పుస్తకాలు ఎవరూ చదవరని ఆమెకు తెలుసు. బస్సుల మెకానిక్ అయిన భర్త మరీనూ. ఏది కొన్నా పుస్తకం పక్కన పడేసి, విప్పితే అదే చెబుతుందంటూ స్క్రూడ్రైవర్ తీస్తాడు. అలా విప్పిన గోడ గడియారం ఆరేళ్ళయినా ఇంకా ఏమీ చెప్పలేదు.

ఇన్నాళ్ళకు ఆమెకు పూర్తిగా చదివే పాఠకుడు దొరికాడు. డయాలసిస్ కేంద్రానికి ఫోన్ చేసే రోగులతో మాట్లాడి, రద్దు, వాయిదా లాంటి ఒక్కో పనికీ ఉన్న 'టూల్' అనే చిన్న ప్రోగ్రాములలో ఏది వాడాలో తానే తేల్చుకునే ఏఐ ఏజెంట్ అది. ఆ టూళ్ళ గురించి దానికి తెలిసిందల్లా ఆమె రాసిందే. పొల్లుపోకుండా చదువుతుంది, చదివినట్టే చేస్తుంది.

ఆ సంతోషం పోయిన నెలతో సరి. ఒక ముసలాయన ఫోన్ చేసి, ఇవాళ రాలేను, రద్దు చేయమన్నాడు. ఆమె రాసిన ఆ ఆరు మాటలు చదివి ఏజెంట్ రద్దు టూల్ వాడింది. అది ఒక్క రోజును కాదు, వారానికి మూడుసార్లున్న ఆయన వంతులన్నింటినీ తీసేసింది. గంటలో ఆ మంచం ఇంకొకరికి వెళ్ళింది. మళ్ళీ చోటు దొరికేలోపే ఆయన ఊపిరాడక ఆస్పత్రిలో చేరాడు. ఎలాగో గట్టెక్కాడు. ఏజెంట్ తప్పు చేసిందని మీటింగులో అందరూ అన్నారు. ఆమె మాత్రం ఆ ఆరు మాటలనూ కాగితం మీద రాసుకుని ఇంటికి తీసుకెళ్ళింది.

ఇవాళ ఆమెకు ఉద్యోగంలో ఆఖరి రోజు. ఒప్పందం ముగిసింది, పొడిగించడం లేదన్నారు. టీమ్ లీడర్ ఆమె కొడుకు వయసువాడు, మంచివాడే. సాయంత్రం ఐదుకల్లా మార్పు పంపాలని, టూల్ పేరు మార్చి 'జాగ్రత్త' అని ఒక ముక్క తగిలిస్తే చాలని అన్నాడు. పోయేరోజు కూడా ఎందుకక్కా ఈ తలనొప్పి అన్నాడు.

"నేను రాసిన మాట కదా. నేనే సరిచేసి పోతాను," అని ఆమె చేతిసంచీ భుజాన వేసుకుంది.

బస్సెక్కి డయాలసిస్ కేంద్రానికి వెళ్ళింది. రోగులు ఫోన్లో ఏ మాట ఎలా అంటారో చెప్పమని అక్కడి నర్సును అడిగింది. నర్సు ఒక మంచం నుంచి మరో మంచానికి తిరుగుతూనే చెప్పింది, ఈమె వెనకే నడుస్తూ రాసుకుంది. నలభై ఒక్క మాటలయ్యాయి.

"ఎక్కువమంది రద్దు చేయమనే అంటారమ్మా. వాళ్ళకి రద్దంటే ఇవాళ్టిదే. మొత్తం మానేస్తే ఏమవుతుందో వాళ్ళకి తెలీదా?"

కిటికీ పక్క మంచం మీద ఉన్నది, మళ్ళీ చోటు దొరికిన ఆ ముసలాయనేనని నర్సు చూపించింది. చేతికి గొట్టాలు. ఆ రోజు ఇంట్లో పైపు పగిలి గదంతా నీళ్ళయ్యాయని, అందుకే రాలేకపోయానని, సరిగ్గా చెప్పకపోవడం తన తప్పేనని అన్నాడు. ఆ చివరిమాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది.

"తప్పు మీది కాదండీ. ఆ యంత్రం చదివే మాట రాసింది నేను."

ఆయన ఆమె వైపు తల తిప్పాడు. తిడతాడనుకుంది.

"అయితే మార్చమ్మా," అన్నాడు.

తిరిగొచ్చి, భోజనం మాట మరిచి రాసింది. మొదటిసారి 'వాడకూడదు' అని ఎనిమిది చోట్ల పెట్టింది. పరీక్షిస్తే, ఊరు మారిపోతున్నానన్న రోగిని కూడా ఏజెంట్ మూడుసార్లు అడిగి విసిగించింది. దెబ్బలు తిన్న పిల్లిలా ప్రతి గుమ్మం దగ్గరా ఆగిపోతోంది. ఆమె అంతా చెరిపేసింది. కొత్తగా చేరిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పినట్టు మళ్ళీ మొదలుపెట్టింది.

"ఈ టూల్ రోగి వంతులన్నింటినీ తీసేస్తుంది. ఆ చోటు గంటలోపే మరొకరికి వెళ్తుంది, తిరిగి రాదు. రద్దు అనేవారిలో ఎక్కువమంది ఆ ఒక్కరోజు గురించే అంటారు. దానికి వాయిదా టూల్ ఉంది. ఏదో తేలకపోతే అడగండి: ఈ ఒక్కరోజేనా, ఇక ఎప్పటికీనా?"

నర్సు చెప్పిన నలభై ఒక్క మాటలతో పరీక్షిస్తే, ముప్పై ఆరింటికి ఏజెంట్ సరిగా నడుచుకుంది. వాయిదా టూల్ అదే రోజుకు కూడా పనిచేస్తుందని ఎక్కడా రాయలేదని కనిపెట్టి, అదీ చేర్చింది. నలభై అయ్యాయి. మిగిలింది ఒక్కటే. "ఇక నావల్ల కాదు." ఈ మాటకు ఏజెంట్ వంతులన్నీ తీసేస్తోంది.

ఆమె కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. నర్సుకు ఫోన్ చేసి, ఎవరైనా ఆ మాటంటే మీరేం చేస్తారని అడిగింది.

"నేనైతే ఏదీ నొక్కనమ్మా," అంది నర్సు. " పనాపి పక్కన కూర్చుంటాను."

"మీకు కలపమని రాయనా?"

"రాయండి. ఏ వేళైనా సరే, డ్యూటీలో ఎవరుంటే వాళ్ళకి."

ఇంకో రెండు వాక్యాలు రాసింది. "రోగి విసిగి మాట్లాడుతుంటే ఏ టూలూ వాడవద్దు. ఫోన్ నర్సుకు కలపండి." పెదవులు కదిపి చదివింది. కామా అవసరం రాలేదు. నలభై ఒకటీ సరిగా వచ్చేసరికి ఐదుకు ఇంకా పది నిమిషాలుంది.

టీమ్ లీడర్ ఆ చివరి వాక్యాలను రెండుసార్లు చదివి పంపేశాడు. రేపు కేకు తెస్తాం రమ్మన్నాడు. రేపు గడియారం పని ఉందని ఆమె నవ్వింది. గుర్తింపు కార్డు బల్ల మీద పెట్టి, మెట్ల మీదుగా దిగి వెళ్ళిపోయింది.

ఆరింటికి గది ఊడ్చే మనిషి ఆమె కుర్చీ పక్కకు లాగింది. బల్ల కింద, పాదాలు నేలకు అందని ఆమె ఇన్నేళ్ళూ కాళ్ళు ఆన్చుకున్న చిన్న చెక్కపీట ఉంది, మడమలు ఆనిన రెండు చోట్లా రంగు పోయి నున్నగా అరిగి.