కంచెలో సందు

విజిలు నోట్లో పెట్టుకునేలోపే ఒక ఆఫీసు పెద్దమనిషి రోడ్డు మధ్య ఉన్న ఇనప కంచె ఎక్కి, అటో కాలు ఇటో కాలు వేసి కూర్చున్నాడు. విజిలాయన మెడ నరాలు తేలేలా ఊదాడు.

"ఒక్క నిమిషం పనయ్యా. దాటెయ్యనా?"

"దాటండి సార్. ఆ వచ్చే లారీవాణ్ణి కూడా ఒక మాట అడిగి దాటండి."

పెద్దమనిషి ముఖం గంటు పెట్టుకుని దిగి, పాదచారుల వంతెన వైపు నడిచాడు.

విజిలాయన ఉద్యోగం అంతే. నారింజరంగు చొక్కా తొడుక్కుని, ఎర్రజెండా పట్టుకుని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ కంచెను ఎవరూ దాటకుండా చూడటం. ఎండకి మెడ వెనక చర్మం కమిలి చెప్పు అట్టలా తయారైంది. పొద్దస్తమానం ఊది ఊది కింది పెదవి కొంచెం ముందుకు సాగింది. అసలు పేరు జీతాలిచ్చే ఆఫీసులో తప్ప ఎవరికీ అక్కరలేదు. ఇంట్లో పలకరించడానికి పెళ్ళాం లేదు, చాలాకాలం కిందటే పోయింది.

కంచె రాకముందు అతను ఇదే రోడ్డు ఊడ్చేవాడు. ఎవరినో ఏ బండో గుద్దినప్పుడల్లా బకెట్టుతో ఇసుక తెచ్చి నెత్తుటి మీద చల్లడం అతని వంతు. అక్క మొగుణ్ణి కారు గుద్దిన రోజున కూడా అతనే చల్లాడు. బావ చొక్కా గుర్తుపట్టింది ఇసుక సగం చల్లాకే. అందుకని ఈ కంచె అంటే అతనికి ప్రాణం. తుప్పు కనిపిస్తే గోటితో గీకుతాడు.

అయితే ఆ ప్రాణంలో ఒక చిన్న దొంగతనం ఉంది. వంతెనకి కొంచెం అవతల కంచె ఊచ ఒకటి వంగి, మనిషి పట్టేంత సందు పడింది. ఆ సంగతి పైవాళ్ళకి చెప్పకుండా దానికి అడ్డంగా ఖాళీ తారు డ్రమ్ము పెట్టాడు. ఎందుకంటే అక్క అటువైపు ఉంటుంది. మోకాళ్ళు అరిగిపోయాయి, గుండె కూడా అంతంతమాత్రం, మెట్లెక్కొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. వంతెనకి లిఫ్టు వస్తుందని గది కట్టారు గానీ, గదికి తాళమే వచ్చింది, లిఫ్టు రాలేదు. రోజూ మధ్యాహ్నం అక్క అటు గట్టున భోజనం సంచీతో నిలబడేది. తమ్ముడు జెండా ఎత్తి, మంత్రిగారికి కూడా ఆపనంత శ్రద్ధగా బండ్లు ఆపి, డ్రమ్ము జరిపి, ఆమెను చేయిపట్టుకుని ఇటు తెచ్చేవాడు. వంతెన నీడలో అతను తింటుంటే ఆఖరి ముద్ద దాకా కాపలా కూర్చునేది. "నువ్వు సరిగ్గా తినవురా, నాకు తెలీదా" అనేది. అతనికి రోజంటే ఆ కాసేపే.

ఇవాళ పొద్దున స్కూలు సంచీతో ఒక పాప డ్రమ్ము పక్కనుంచి దూరింది. లారీ బ్రేకు వేసింది. ఆ లారీ ముఖం పాప జడకి తగిలేంత దగ్గరలో ఆగింది. విజిలాయన పాపని ఎత్తుకుని ఇవతలికి తెచ్చాడు. కాసేపటికి వెల్డింగు అతను వచ్చి "ఎక్కడన్నా విరిగిందా పెద్దాయనా? మధ్యాహ్నం పెద్దసారు చూడ్డానికొస్తున్నారు" అని అడిగాడు. ఎప్పుడడిగినా "లేదు" అనే విజిలాయన ఇవాళ డ్రమ్ము పక్కకి దొర్లించాడు. ఊచ సరిచేసి అతుకుతుంటే అటు చూడలేకపోయాడు.

తర్వాత అక్కకి ఫోను చేశాడు.

"ఇవాళ రాకక్కా. సందు మూసేశారు."

"ఎవరు చెప్పార్రా వాళ్ళకి?"

"నేనే."

పాప సంగతి చెప్పాడు.

"మంచి పని చేశావు. సరే, వంతెన మీదుగా వస్తాలే."

"నీకేమన్నా పిచ్చా? డాక్టరేం చెప్పాడు? సాయంత్రం నేనే వచ్చి తింటా."

"అప్పటిదాకా డాక్టరు పెడతాడా నీకు అన్నం?" అని ఫోను పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

మధ్యాహ్నం పెద్దసారు దిగాడు. మంచివాడే, కూడా వచ్చినవాళ్ళకి ఓపిగ్గా చెబుతున్నాడు. జనం హెల్మెట్లు పెడుతున్నారు, కెమెరాలు పెట్టాక వేగం తగ్గింది, తాగి నడిపేవాళ్ళని పట్టుకుంటున్నాం, అంబులెన్సు త్వరగా వస్తోంది, అన్నిటికీ మించి ఈ కంచె. చావులు ఊరికే తగ్గవు అన్నాడు. అవన్నీ నిజమే.

విజిలాయన తలెత్తి వంతెన చూస్తున్నాడు. అటువైపు మెట్ల మీద అక్క కనిపించింది. ఒక చేతిలో సంచీ, ఇంకో చేతిలో ఎత్తు తక్కువ ప్లాస్టిక్ పీట. నాలుగు మెట్లెక్కడం, పీట వేసుకుని కూర్చోవడం, మళ్ళీ లేవడం. పోయి పట్టుకుందామని అడుగు వేశాడు.

"నువ్వు చెప్పవయ్యా, రోజూ చూసేవాడివి" అన్నాడు పెద్దసారు అప్పుడే. "ఇక్కడ ఇప్పుడు ఎవరూ చావడం లేదు కదా. ఎందుకంటావ్?"

"మీరు చెప్పినవే సార్. జనం కూడా దాటడం మానేశారు. అటువాళ్ళు అటే, ఇటువాళ్ళు ఇటే."

"అదే కదయ్యా మనకి కావలసింది."

"అవును సార్."

అక్క పైకి చేరింది. వంతెన నడుమ పీట వేసుకుని, కమ్మీకి తల ఆనించి కూర్చుంది. హమ్మయ్య అనుకున్నాడు. జెండా ఊపాడు. ఆమె ఊపలేదు. ఆయాసపడుతోందిలే, తీరిగ్గా దిగుతుందిలే అనుకుని, పెద్దసారు కంచె పొడవునా నడుస్తుంటే వెనకే నడిచాడు. తిరిగి వచ్చేసరికి కూడా అక్క అలాగే కూర్చుని ఉంది.

అప్పుడు పరిగెత్తాడు. "అక్కా" అని భుజం మీద చెయ్యి వేస్తే భుజం అతని మీదికే ఒరిగింది. ఒళ్ళో సంచీ ఇంకా వేడిగా ఉంది. ఆమె తల గుండెకి ఆనించుకుని అక్కడే కూలబడ్డాడు. ఆ ఊచ వంకరగానే ఉండి ఉంటే అక్క బతికుండేది, రేపో మాపో ఆ పాప పోయేది. ఎటు తిప్పి చూసినా అతనికి ఏడవడానికే మిగిలింది.

కింద పెద్దసారు అడిగాడు. "బండేమన్నా తగిలిందా?"

"లేద్సార్. వంతెన మీద, తనంతట తనే పోయింది" అన్నాడు కూడా వచ్చినవాళ్ళలో ఒకడు.

"పాపం" అన్నాడు పెద్దసారు. నిజంగానే అన్నాడు. అయినా బిగబట్టిన ఊపిరి వదలడం పక్కవాళ్ళకి వినబడింది.

అంబులెన్సు, ఆయన చెప్పినట్టే, త్వరగా వచ్చింది. అక్కని దింపుకెళ్ళారు, తమ్ముడూ వెంట ఎక్కాడు. వంతెన మీద పీట మిగిలిపోయింది. మెట్లెక్కి రొప్పుతూ వచ్చిన ఒక ముసలాయన దాని మీద కూర్చుని, ఊపిరి కుదుటపడ్డాక లేచి, వెనక వచ్చేవాళ్ళకి వీలుగా ఉంటుందని దాన్ని కమ్మీ పక్కకి జరిపి పోయాడు.