అడవి మలుపులో చలివేంద్రం

నాగలత భయానికి వేళాపాళా లేదు. వాన వస్తే పిడుగు పడుతుందని భయం, రాకపోతే పాము చల్లదనం వెతుక్కుంటూ ఇంట్లో దూరుతుందని భయం. అలాంటి మనిషి కడుపున దీపిక పుట్టింది. ఖమ్మంలో మొదలై కాలువ గట్లు, కంకర దారులు, అడవి బాటలు తొక్కుకుంటూ పోయి భద్రాచలంలో గోదావరి ఒడ్డున ముగిసే రెండు రోజుల సైకిల్ పందెంలో పేరిచ్చానని ఆ పిల్ల చెప్పిన పూట నాగలతకు ముద్ద దిగలేదు.

పందెం రెండో రోజు పొద్దెక్కేసరికి ఆమె పినపాక అవతల, అడవి బాట మొదలయ్యే మలుపులో నిలబడి ఉంది. మొగుడు కల్లంలో ఆరబోసిన మిరపకాయలు వదిలి రాలేనన్నాడు. బావగారు వెంకటరామారావు కారులో తీసుకొచ్చాడు. ఊరికే తేలేదు. పిల్లను ఇక్కడితో ఆపి వేంసూరులో ఇంటికి తీసుకుపోవాలన్నది ఆయన పంతం. నాగలత కాదనలేదు. నిజానికి ఆమె మనసూ అదే కోరుతోంది. మలుపు దాటితే అంతా అడవి. ఫోను పలకదు. ఎలుగుబంటి ఎదురొస్తే ఎవరికి చెప్పుకుంటుంది?

కారు డిక్కీలో పాలక్యాను నిండా మజ్జిగ. అల్లం, కరివేపాకు దంచి వేసి, నిమ్మకాయ పిండి తెచ్చింది.

"ఒక్క పిల్లకు ఇంత మజ్జిగేంది నాగలతా? సగం ఊరికి పోస్తవా?" అని బావగారు దారంతా ఎగతాళి చేశాడు. చాలకపోతే ఎలా అన్నది నాగలత భయం.

దీపిక వచ్చింది. ఎక్కడో పడినట్టుంది, మోకాలు చెక్కుకుపోయి నెత్తుటి మీద దుమ్ము అట్టకట్టింది. పెదాలు పగిలాయి. సైకిలుకు బిగించిన సీసా ఖాళీ. మలుపులో ఉన్న బోరింగు కొట్టి చూసింది. అది కీచుమందే గాని చుక్క కక్కలేదు.

నాగలత గ్లాసు నింపుకుని పరుగెత్తింది. "తాగు తల్లీ."

"అమ్మా, దగ్గరికి రాకు!" దీపిక సైకిలును అడ్డం పెట్టుకుంది. "నువ్విచ్చింది తాగితే నన్ను పందెంలో తీసేస్తరు."

అక్కడ కుర్చీ వేసుకుని వచ్చేపోయే సైకిళ్లను చూసుకుంటున్న పందెం అధికారి నాగచైతన్య లేచి వచ్చాడు. "అవునండీ. సొంతవాళ్లు తెచ్చిచ్చింది ముట్టుకోకూడదు. ఎవరి తిప్పలు వాళ్లే పడాలి. అదే ఈ పందెం."

"ఇది పందెమా, పగనా?" అంది నాగలత.

బావగారు పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు. "పిచ్చి తల్లీ, మంచిదేగా? ఒక్క గుక్క పడనియ్ నోట్లో. పందెం గిందెం అక్కడితో సరి. పిల్ల గమ్మున కారెక్కుద్ది. నువ్వు కోరుకున్నదీ అదేగా?"

నాగలత గ్లాసులోకి చూసింది. నిజమే, ఒక్క గుక్క చాలు. రాత్రికి బిడ్డ ఇంట్లో ఉంటుంది. దీపిక చూపు గ్లాసు మీదే ఉంది. గుటక వేసింది, మింగడానికి నోట్లో తడి లేకపోయినా.

"ఎండిన నోటితోనే పోతానమ్మా. ఆగమని మాత్రం చెప్పకు."

"చూసినవా పొగరు? మోకాలు పగిలినా దిగలేదు. ఊఁ, పట్టించు," అన్నాడు బావగారు.

ఆ మాటతో నాగలతకు ఎక్కడో కాలింది. ఎలుకల బోనులో ఉల్లిగడ్డ ముక్క పెట్టినట్టు, తన చేతి మజ్జిగను తన బిడ్డకే ఎర పెట్టమంటున్నాడు ఈయన! గ్లాసు వెనక్కి తీసుకుని నాగచైతన్య వైపు తిరిగింది.

"బాబూ, దారిలో చలివేంద్రం ఉంటే తాగొచ్చునా?"

"చలివేంద్రం అందరిదీ కదండీ. తాగొచ్చు."

"అయితే ఇది చలివేంద్రం." క్యానును రెండు చేతులా ఎత్తి తెచ్చి చింతచెట్టు కింద బండ మీద పెట్టింది.

బావగారు పకపకా నవ్వాడు. "శివరాత్రి పోయి వారం కాలే, అప్పుడే చలివేంద్రమేంది? పందిరేది? కుండేది?"

"చింతచెట్టే పందిరి బావగారూ. క్యానే కుండ."

నాగచైతన్య నవ్వలేదు. "మీ అమ్మాయి తాగగానే మూసేస్తే ఒప్పుకోనండీ. ఆఖరి సైకిలు దాటేదాకా ఉండాలి. ఎవరొచ్చినా పోయాలి."

నాగలత కారు వైపు చూసింది. పిల్ల మొండికేస్తే కనీసం కారులో తారు రోడ్డు మీదుగా ముందుకు పోయి, అడవి బయటపడే ప్రతిచోటా కాపు కాయాలనుకుంది. ఇక్కడే ఉండిపోతే అదీ లేదు. బిడ్డ ఒక్కతే పోవాలి.

"ఉంట," అంది. "ఆఖరి సైకిలు దాకా ఉంట."

సంతకు మోసుకుపోతున్న అడ్డాకుల కట్ట దించి చెట్టు నీడన కూర్చున్న గూడెం ముసలామె జంపక్క ఇదంతా వింటోంది. "పందెపోళ్లకేనా, తోవన పోయేటోళ్లకు గూడ పోస్తవా?" అని అడిగింది.

"నీకే ముందు, అక్కా."

"ఒక్క గ్లాసుతోని ఎంతమందికి పోస్తవు?" జంపక్క తన కట్ట విప్పి, ఆకు మడిచి, పుల్ల గుచ్చి దొప్పలు చేయసాగింది. మొదటి దొప్ప ఆమే తాగింది. ఈలోగా మరికొన్ని సైకిళ్లు వచ్చి ఆగాయి. లచ్చిరాం అనే పిల్లగాడు రెండు దొప్పలు ఊదేసి, "పిన్నీ, సీసాలో గూడ పొయ్యరాదు, పుణ్యముంటది," అన్నాడు. పోసింది. అందరి సీసాల్లోనూ పోసింది.

దీపిక కావాలనే వరసలో చివర నిలబడింది. ఆమె వంతు వచ్చింది. నాగలత కాస్త నిండుగా పోయబోయి చెయ్యి ఆపుకుంది. అందరికీ ఎంతో ఆమెకూ అంతే.

దీపిక ఎత్తిన దొప్ప దించకుండా తాగి, "ఉప్పెక్కువైంది చలివేంద్రమమ్మా," అంది.

"చెమట పోతది కదా, కావాలనే వేసిన. మాట్లాడక సీసా ఇటియ్యి."

సీసా నిండింది. "పోయొస్తా," అంది దీపిక. పాము, ఎలుగుబంటి, లారీ అన్నీ ఒక్కసారే నాగలత నాలుక చివరకు వచ్చాయి. మింగేసింది.

"పోయి రా."

ఎర్రమట్టి బాటలో సైకిలు మలుపు తిరిగింది.

బావగారు కారు తలుపు తీశాడు. "ఎక్కుతవా లేదా? ఇక్కడ వదిలేసి పోతే నిన్ను తెచ్చే దిక్కుండదు."

"బస్సులున్నయ్. సాయంత్రం భద్రాచలం పోయి నా బిడ్డను తీసుకునే వస్త. మీరూ ఒక దొప్ప తాగి పోండి బావగారూ, ఎండన పడి వచ్చిన్రు. ఇక్కడ అందరికీ పోస్తం."

తలుపు ధడేల్మంది. కారు లేపిన దుమ్ము మజ్జిగలో పడకుండా నాగలత కొంగుతో క్యాను మూసింది. దూరాన రోడ్డు మీద ఇంకో సైకిలు, అలసిపోయి అటూ ఇటూ ఊగుతూ వస్తోంది. క్యాను వంచి చూసింది. సగానికి దిగింది. వెనక ఇంకెందరున్నారో, చాలుతుందో చాలదో!

"జంపక్కా," అంది, "ఇంకో దొప్ప ఇటియ్యి."