మళ్లొకసారి చెప్పండి, ఎర్రగుంట

మా స్టేషన్ మాస్టర్ సాయిచంద్‌ను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మనిషి మంచివాడే. సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు మధ్య పెరిగి, పరీక్ష రాసి, మా ఎర్రగుంట జంక్షన్‌కు మాస్టరై వచ్చాడు. ఎంత పెద్ద బండినైనా ఆపుతాడు, పంపుతాడు. ఒక్క ఆడపిల్లకు మనసులో మాట మాత్రం చెప్పలేడు.

ఆ పిల్ల దీపిక. పక్క స్టేషన్ గుండ్లవాగుకు మాస్టర్. వీళ్ల పరిచయమంతా టేబుల్ మీది రైల్వే ఫోన్‌లోనే. ఇక్కడ బండి వదలాలంటే ఈయన ఆమెను అడగాలి. ఆమె ఆ మాటను పొల్లుపోకుండా తిరిగి చెప్పి, రెండంకెల నంబర్ ఒకటి ఇవ్వాలి. నంబర్ ఇస్తే మాట ఖాయమైనట్టు. ఇవ్వకపోతే ఎంతటి ఎక్స్‌ప్రెస్ అయినా మా ప్లాట్‌ఫాం మీద పడిగాపులు కాయాల్సిందే.

దీపిక మహా గట్టిది. ఈయన నోరు తెరిస్తే చాలు, "మాటలు మింగకండి. మళ్లొకసారి చెప్పండి, ఎర్రగుంట" అంటుంది. ఈయన చెవులదాకా ఎర్రబడి మళ్లీ చెప్తాడు. లోకంలో ఎవరైనా నవ్వుకు పడిపోతారు. మావాడు గదమాయింపుకు పడిపోయాడు!

నేను అక్కడే పాయింట్ల పని చేస్తాను. మా ఆయన వెంకటి పోయాక ఆ కొలువు నాకిచ్చారు. బండి దారి మళ్లే చోట పట్టాలు సరిగా కుదిరాయో లేదో చూడాలి, జెండా ఊపాలి. మిగతా వేళల్లో ఈ పిరికివాడి ముఖం చూడాలి, నా కర్మ!

శుక్రవారం మధ్యాహ్నం ఆ ముఖం మరీ వాడిపోయి ఉంది.

"ఏమైంది సారు? గట్ల కూసున్నవ్?"

"కనకవ్వా, ఆదివారం దీపిక మేడమ్‌ను చూసేతందుకు వస్తున్నరట. పిల్లగాడు దుబాయిల ఇంజనీరట. గుండ్లవాగు గేటాయన చెప్పిండు."

"మరి నువ్వేం జేస్తున్నవ్?"

"నేనేం జేస్త? ఆమె సెల్ నంబర్ సుత నా దగ్గర లేదు. అడిగితే ఏమనుకుంటదో అని అడగలే. మీ జమానాల ఎట్ల చెప్పుకుంటుండిరి అవ్వా?" అన్నాడు.

మా కాలమా! అప్పుడు సిగ్నల్ అంటే స్తంభానికి చాచిన చెయ్యి. క్యాబిన్‌లో ఇనుప లివర్ లాగితే, తీగ కదిలి, అంత దూరాన ఆ చెయ్యి వంగేది. లాగి లాగి వెంకటికి భుజాలు పడిపోయేవి. ఒంటి లైను మీద బండి కదలాలంటే డ్రైవర్‌కు తోలు సంచిలో ఇనుప గుండొకటి పెట్టి ఇవ్వాలి. దాన్ని అతను పక్క స్టేషన్‌లో అప్పగించాలి. ఆ సంచిలో గుండుతోపాటు ఏవి పోలేదని! సీతాఫలాలు పోయాయి, మక్క గారెలు పోయాయి. మా బాపు గుండ్లవాగు క్యాబిన్‌లో ఉన్నప్పుడు వెంకటి ఇక్కడి నుంచి ఆ సంచిలోనే నాకు ఎర్రగాజులు పంపాడు, అవి బాపు చేతికే చిక్కాయి. మా బాపు ఆ గుండు పట్టుకొనే వెంకటి తల పగలగొట్టడానికి బయలుదేరాడు. పెళ్లి మాత్రం ఆగలేదు.

ఇప్పుడు లివర్లూ లేవు, గుండూ లేదు. కంప్యూటర్‌లో నొక్కితే దీపాలు మారతాయి. ఇక్కడి నుంచి గుండ్లవాగుకు చేతితో పంపేదేమీ లేదు, ఫోన్‌లో మాట తప్ప.

"అయితే మాటే పంపు" అన్నాను.

"అయ్యో అవ్వా! గా ఫోన్ల ప్రతి మాట రికార్డయితది. పెద్దసార్లు ఇంటరు."

"ఇననియ్యి! ఆదివారం దాటినంక నువ్వు ఏడిస్తే ఎవలింటరు?"

అటూ ఇటూ బండి లేని వేళ చూసి, ఫోన్ ఎత్తి నేనే ఆయన చేతిలో కుక్కాను.

"గుండ్లవాగు. చెప్పండి" అంది దీపిక. ఆమె గొంతు నాదాకా వినిపిస్తోంది.

"ఎర్రగుంట నుంచి... ఆదివారం..."

"ఆదివారం ఏం బండి?"

"బండి గాదు. మేము... మా అవ్వ, బాపు, నేను..."

వీపు మీద ఒక్కటి చరిచాను. మాట బయట పడింది.

"మిమ్మల్ని చేసుకుంటనని అడిగేతందుకు మీ ఇంటికి వస్తం. దుబాయాయన కంటే ముందుగాల."

ఎప్పుడూ తిట్టే నాకు ఆ క్షణాన వాడు కన్నకొడుకే అనిపించాడు. దేవుడా, కాదనకుండా చూడు తండ్రీ, అని మొక్కుకున్నాను.

"మళ్లొకసారి చెప్పండి, ఎర్రగుంట."

ఈసారి సాయిచంద్ నిలబడి, ఒక్క ముక్క మింగకుండా చెప్పాడు.

ఆమె నెమ్మదిగా తిరిగి చెప్పింది. "ఆదివారం మీ అవ్వ, బాపు, మీరు మా ఇంటికొస్తరు. నన్ను చేసుకుంటనని అడుగుతరు. దుబాయాయన కంటే ముందుగాల."

"నంబర్?" అన్నాడు మా పిచ్చివాడు, పెన్ను తీసి.

"నంబర్ బండ్లకు ఇస్తరు, దీనికి కాదు. పొద్దుగాలనే రాండ్రి. మా బాపుకు నేను చెప్పి ఉంచుత." ఆమె గొంతు సన్నబడింది. "ఇన్ని దినాలు మీ మాట ఇనవడకనే మళ్ల చెప్పిచ్చిన అనుకున్నరా? మీరు చెప్పేది నాకు మొదటిసారే మంచిగ ఇనవడతది."