డిసెంబరు దుప్పటి

సుధామణి మూడేళ్ల చాకిరీకి ఒక్క ఉత్తరం ఎసరు పెట్టింది.

బెజవాడ దొంగతనాల కేసుల మీద ఆమె చేసిన పరిశోధనకు డబ్బిచ్చింది ప్రభుత్వం. అందులో నాలుగో అధ్యాయం తీసేయమన్నదీ ప్రభుత్వమే. పోనీ, ఆ అధ్యాయంలో ఉన్నది దేవరహస్యమా? ఏడాది ముగిసేలోగా కేసులు తేల్చామని చూపించుకోవడానికి పోలీసులు పాత ముద్దాయిల మెడకు కొత్త నేరాలు చుడుతున్నారు. ఏ డిసెంబరు చూసినా అవే నలభై పేర్లు.

"తీసెయ్యమ్మా. ముందు డాక్టరేట్ చేతికి రానీ," అన్నారు గైడు రామకోటేశ్వరరావు గారు. చెడ్డమనిషి కాదు, పాపం. పైనుంచి ఫోనొస్తే లేచి నిలబడి మాట్లాడే రకం.

సుధామణి తీసేసింది. తీసేసి, తిన్నగా పటమటలో చేపలమ్మే నాంచారమ్మ దగ్గరికి వెళ్లింది. నాంచారమ్మ మొగుడు ఎల్లారావు పద్దెనిమిదో ఏట ఒక సైకిలు దొంగిలించాడు. ఇప్పుడతనికి నలభై. ఇప్పటికీ ఏటా చలికాలం ముందు ఆమె ఒక దుప్పటి ఉతికి, మడిచి, గుమ్మం పక్కన పెడుతుంది. స్టేషన్లో గచ్చు చల్లగా ఉంటుంది మరి.

"వైవాకి నువ్వు రావాలి. ఒక్క ప్రశ్న అడగాలి," అంది సుధామణి.

అక్టోబరులో వైవా, అంటే థీసిస్ మీద నోటి పరీక్ష. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు, ఎవరైనా అడగవచ్చు. అది రూలు. ఎవరూ అడగరు, అందరి కళ్లూ పక్కగదిలోని ఉప్మా మీదే. అది ఆనవాయితీ. "ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అని మర్యాదకు అడిగి పరీక్షకుడు కలం మూత పెడుతుండగా వెనక వరసలో నాంచారమ్మ లేచింది.

"డిసెంబరు సంగతి చెప్పలేదేంటమ్మా?"

సుధామణి తీసేసిన అధ్యాయాన్ని ఏడాది వారీగా చెప్పడం మొదలుపెట్టింది.

ముందు వరసలోంచి, డబ్బిచ్చిన ప్రభుత్వ శాఖ అధికారి లేచాడు. "ఇది థీసిస్‌లో లేదు. ఆపండి."

"లేదండీ. తీయించింది మీరే కదండీ. అడిగినదానికి జవాబు చెప్పకపోతే నన్ను ఫెయిల్ చేస్తారండీ."

"డిగ్రీతో పోదు. తర్వాత ఏమవుద్దో తెలుసా మీకు?"

నాంచారమ్మ ముందుకొచ్చి, సంచిలోంచి ఉతికి మడిచిన దుప్పటి తీసి సుధామణి చేతుల్లో పెట్టింది.

"మా ఆయనకని ఉతికానండీ. ఈ ఏడు ఈ అమ్మాయికే కావాల్సొచ్చేట్టుంది."

పరీక్షకుడు కలం మూత మళ్లీ తీశాడు. సుధామణి దుప్పటిని చంకలో పెట్టుకుంది.

"తొంభై తొమ్మిది డిసెంబరు అయిందండీ," అంది. "ఇప్పుడు రెండువేలు."